పేజీలు తిప్పేకొద్దీ మెమరీ పెరుగుతోందా? ఒత్తుల మీద నెట్టకండి

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ముందు చెబుతాను. తెలుగు నవలలు చదువుకునే ఆండ్రాయిడ్ యాప్ కాట్లిన్‌లో రాశారు. అధ్యాయాన్ని స్టాటిక్‌లేఅవుట్‌తో (పాఠాన్ని వరుసలుగా పేర్చే ఆండ్రాయిడ్ క్లాస్) పేజీలుగా విడగొట్టి, పేజీ తిప్పే యానిమేషన్ కోసం ఒక్కో పేజీని బిట్‌మ్యాప్‌గా (పిక్సెళ్ల బొమ్మగా) గీసి ఎల్‌ఆర్‌యూ క్యాష్‌లో పెడుతున్నారు. నిండితే ఎక్కువ సేపుగా వాడనివాటిని ముందు వదిలేసే తాత్కాలిక నిల్వ అది. 140 ఎంబీతో మొదలై, 45 పేజీలు తిప్పేసరికి 600 ఎంబీ చేరి, 3 జీబీ ర్యామ్ ఫోన్‌లో యాప్ దానంతటదే మూసుకుపోతోంది. లీక్‌లను, అంటే అవసరం తీరినా విడుదల కాని మెమరీని, పట్టే లీక్‌కెనరీ టూల్ పెట్టినా ఏమీ చూపించడం లేదు. తెలుగు ఒత్తులు, గుణింతాలు గీసేటప్పుడు ఫాంట్ ఇంజిన్‌లోనే లీక్ ఉందేమో అని మీ అనుమానం. ఐఓఎస్ వెర్షన్‌లోనూ ఇదే వస్తుందా అని చివర్లో అడిగారు.

ఒత్తులకూ దీనికీ సంబంధం లేదు. మీ క్యాష్‌కు మూత లేదు. మీరు పెట్టిన కోడ్‌లో గరిష్ఠ పరిమాణంగా మ్యాక్స్‌మెమరీలో (యాప్‌కు దొరికే గరిష్ఠ మెమరీలో) 8వ వంతును కేబీల్లో ఇచ్చారు. కానీ ఒక్కో వస్తువు ఎంత జాగా తీసుకుంటుందో చెప్పే సైజ్‌ఆఫ్ ఫంక్షన్‌ను మీరు ఓవర్‌రైడ్ చేయలేదు. అది రాయకపోతే ఎల్‌ఆర్‌యూ క్యాష్ ఒక్కో వస్తువును "1" అని లెక్కేస్తుంది. హీప్ (యాప్ ఆబ్జెక్టులు ఉండే మెమరీ) హద్దు 256 ఎంబీ ఉన్న ఫోన్ అనుకుందాం. 2,62,144 కేబీలో 8వ వంతు 32,768. మీరు కేబీలు అనుకుని ఇచ్చిన ఆ సంఖ్యను క్యాష్ పేజీలు అనుకుంది. అంటే 32,768 పేజీలు నిండేదాకా అది ఒక్క పేజీ కూడా వదలదు. అన్ని పేజీలు ఒకే విడతలో ఎవరూ తిప్పరు కాబట్టి అది ఎప్పటికీ నిండదు.

మీ అంకెలే దీనికి సాక్ష్యం. 1080 × 2400 తెర, పిక్సెల్‌కు 4 బైట్లు. పేజీకి 1,03,68,000 బైట్లు, అంటే దాదాపు 10 ఎంబీ. 45 పేజీలకు 450. మొదటి 140 కలిపితే 590. మీరు చెప్పిన 600 అదే కదా.

సైజ్‌ఆఫ్‌లో బిట్‌మ్యాప్ బైట్‌కౌంట్‌ను 1024తో భాగించి ఇవ్వండి. పేజీ సరిగ్గా 10,125 కేబీ అవుతుంది. 32,768 కేబీలో మూడు పేజీలు పడతాయి: వెనకది, చదువుతున్నది, రాబోయేది. మీ అవసరం కూడా అంతే. 1600 × 2560 ట్యాబ్లెట్‌లో హీప్ హద్దు ఇంతే ఉంటే మాత్రం రెండే పడతాయి. అక్కడ పేజీ తిప్పగానే కొంచెం తడబడుతుంది, దానికి విడిగా లెక్క చూసుకోండి.

ఇక్కడే చాలామంది ఇంకో గోతిలో పడతారు. క్యాష్ నుంచి బయటికి పోయే బిట్‌మ్యాప్‌ను "ఎలాగూ పోతోంది కదా" అని ఎంట్రీరిమూవ్డ్‌లో రీసైకిల్ చేస్తారు, అంటే దాని మెమరీని అప్పటికప్పుడే విడుదల చేస్తారు. ఆ క్షణంలో యానిమేషన్ దాన్నే గీస్తూ ఉంటే రీసైకిల్ చేసిన బిట్‌మ్యాప్ వాడుతున్నారంటూ యాప్ క్రాష్ అవుతుంది. ఇంకా క్యాష్‌లో ఉండగానే రీసైకిల్ చేశారనుకోండి, దాని బైట్‌కౌంట్ 0 అవుతుంది, లెక్క తప్పిందని ఎల్‌ఆర్‌యూ క్యాషే ఎక్సెప్షన్ విసురుతుంది. కొత్త ఆండ్రాయిడ్‌లలో రీసైకిల్ జోలికి పోకుండా జీసీకి (వాడని మెమరీని తానే ఊడ్చే గార్బేజ్ కలెక్టర్‌కు) వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం. మరీ ఇబ్బందైతే నల్ల అక్షరాలు మాత్రమే ఉన్న పేజీలను ఆల్ఫా_8 బిట్‌మ్యాప్‌లో గీయండి. పిక్సెల్‌కు ఒక్క బైటే కాబట్టి పేజీ రెండున్నర ఎంబీలో సరిపోతుంది, రంగు గీసేటప్పుడు పెయింట్‌లో ఇచ్చుకోవచ్చు.

లీక్‌కెనరీ ఎందుకు పట్టలేదు? అది తప్పు చేయలేదు. యాక్టివిటీ (యాప్‌లోని ఒక్కో స్క్రీన్), ఫ్రాగ్మెంట్, వ్యూమోడల్, సర్వీస్ లాంటివి పని అయిపోయాక కూడా బతికే ఉన్నాయా అని అది చూస్తుంది. మీ రీడర్ యాక్టివిటీ ఇంకా తెరిచే ఉంది, క్యాష్ దాని చేతిలోనే ఉంది. కాబట్టి దాని దృష్టిలో అంతా సవ్యమే. మీ సొంత ఆబ్జెక్టుల మీద కూడా కన్నేయమని దానికి చెప్పవచ్చు. పేజీ అవసరం తీరిందని మీరు అనుకునే చోట దాన్ని ఆబ్జెక్ట్‌వాచర్‌కు అప్పజెప్పండి. కొన్ని సెకన్ల తర్వాత కూడా అది పోకపోతే ఎవరు పట్టుకుని ఉన్నారో గొలుసంతా చూపిస్తుంది. మీరు ఇది చేసి ఉంటే మొదటి రోజే దొరికిపోయేది.

తప్పు కళ్లకు కనపడకపోవడానికి రెండో కారణం: ఆండ్రాయిడ్ 8.0 నుంచి బిట్‌మ్యాప్ పిక్సెళ్లు జావా హీప్‌కు బయట, నేటివ్ హీప్‌లో ఉంటున్నాయి. అంతకుముందు 3.0 నుంచి 7.1 దాకా జావా హీప్‌లో ఉండేవి. అప్పట్లో ఇలాంటి తప్పు చేస్తే నిమిషంలో అవుటాఫ్‌మెమరీ ఎర్రర్ వచ్చి, ఏ లైన్లో వచ్చిందో కూడా తెలిసేది. ఇప్పుడు జావా హీప్ చూస్తే 20 ఎంబీతో ప్రశాంతంగా ఉంటుంది, పక్క గదిలో నీళ్లు నిండుతుంటాయి.

అందుకే ఏ టూల్ తీయాలన్నా ముందు ఏ గదిలో నీళ్లు నిండుతున్నాయో చూడమంటాను. ఎడీబీ (కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలిచ్చే టూల్) షెల్‌లో డంప్‌సిస్ మెమ్‌ఇన్ఫో, పక్కన మీ ప్యాకేజీ పేరు. కింద సారాంశంలో జావా హీప్, నేటివ్ హీప్, గ్రాఫిక్స్ వరుసలు విడివిడిగా ఉంటాయి. ఇంకా కిందకు పోతే వ్యూలు ఎన్ని, యాక్టివిటీలు ఎన్ని అని లెక్క ఉంటుంది. ఒక్క స్క్రీనే తెరిచి ఉండగా యాక్టివిటీలు 6 అని కనపడితే ఇంకో టూల్ అక్కర్లేదు, లీక్ ఉంది.

ఒకసారి కొలిచి ఏమీ తేల్చకండి. నేను ఎప్పుడూ చేసే పద్ధతి ఇది: పుస్తకం తెరువు, పది పేజీలు తిప్పు, వెనక్కి రా, ఆండ్రాయిడ్ స్టూడియో ప్రొఫైలర్‌లో జీసీ నొక్కు, అంకె రాసుకో. ఇదే ఆరుసార్లు. మొదటి రౌండ్‌లో ఎప్పుడైనా పెరుగుతుంది, ఫాంట్లు ఎక్కుతాయి, క్లాసులు ఎక్కుతాయి, దాన్ని లెక్కలోంచి తీసేయండి. రెండు, మూడు రౌండ్ల తర్వాత పెరుగుదల ఆగితే అది క్యాష్. ఆరో రౌండ్‌లో కూడా అదే ఎత్తు మెట్టు ఎక్కుతుంటే లీక్. మెట్టు ఎత్తు కూడా చాలా చెబుతుంది. రౌండ్‌కు 100 ఎంబీ అంటే పది బిట్‌మ్యాప్‌లు. రౌండ్‌కు 300 కేబీ అంటే ఫాంట్ ఫైలో, అధ్యాయం పాఠమో. ఒకసారి మెట్టు ఎత్తు, అసెట్స్‌లోని ఫాంట్ ఫైలు సైజు దాదాపు ఒకటే కావడం చూసి కోడ్ తెరవకుండానే తప్పెక్కడుందో చెప్పాను. పక్కనున్న కుర్రాడు నాకేవో మంత్రాలు వచ్చనుకున్నాడు.

ఆ ఫాంట్ కథ కూడా చెప్పాలి, ఎందుకంటే మీ కోడ్‌లో దాని చిన్న తమ్ముడు ఉన్నాడు. ఆండ్రాయిడ్ 4 రోజుల్లో ఒక వార్తల యాప్ చేశాం. అప్పట్లో తెలుగు ఫోన్‌కో రకంగా కనపడేది కాబట్టి ఫాంట్ యాప్‌తోనే ఇచ్చేవాళ్లం. జాబితాలో వరుసలు తయారుచేసే లిస్ట్ అడాప్టర్ గెట్‌వ్యూలో ప్రతి వరుసకూ టైప్‌ఫేస్ క్రియేట్‌ఫ్రమ్‌అసెట్ పిలిచాం. పిలిచిన ప్రతిసారీ అది ఫాంట్‌ను మళ్లీ మొదటి నుంచి ఎక్కించేది. వేలితో జోరుగా స్క్రోల్ చేస్తే చాలు, ఫోన్ వేడెక్కి యాప్ పడిపోయేది. ఆండ్రాయిడ్ బగ్‌ల చిట్టాలో 9904 నంబరుతో ఇది చాలా ఏళ్లు పేరుమోసింది. ఫాంట్‌ను ఒక్కసారి తెరిచి హ్యాష్‌టేబుల్‌లో పెట్టుకోవడమే మందు అని అందరూ అక్కడే నేర్చుకున్నారు. తర్వాతి వెర్షన్లు అసెట్ ఫాంట్లను తామే కొంతవరకు గుర్తుపెట్టుకుంటున్నాయి. కానీ మీరు ఫాంట్‌ను డౌన్‌లోడ్ చేసి ఫైలు నుంచి, అదీ పేజీ గీసే ఫంక్షన్ లోపల తెరుస్తున్నారు. దాన్ని బయటికి తీయండి. మండలి, రామభద్ర, సూరన్న అని మూడు ఫాంట్లు ఇస్తున్నారు, మూడే మూడు టైప్‌ఫేస్ ఆబ్జెక్టులు ఉండాలి, యాప్ మొత్తానికి.

మరి ఒత్తుల అనుమానం సంగతి? మీకు ఆ అనుమానం రావడం సహజమే. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం, "జ్ఞా"కు ఒక రూపం, ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లను కూల్చింది, ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. అప్పటి నుంచి తెలుగు యాప్‌లో ఏది పాడైనా ముందు వేలు లిపి వైపే చూపిస్తున్నారు. అది క్రాషే, లీక్ మాత్రం కాదు.

లోపల జరిగేది ఇది. "స్త్రీ" అన్నది మనకు ఒక్క అక్షరం, యూనికోడ్‌లో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఈ ఆరింటికి ఫాంట్‌లో ఏ గ్లిఫ్‌లు (గీసే ఆకారాలు), ఎక్కడెక్కడ అని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ తేలుస్తుంది. దీన్నే షేపింగ్ అంటారు. ఇది శ్రమతో కూడిన పని కాబట్టి ఆండ్రాయిడ్‌లో మినికిన్ అనే పొర ఫలితాన్ని మాటమాటకూ గుర్తుపెట్టుకుంటుంది. ఆ క్యాష్‌కు 5000 మాటల హద్దు ఉంది. ఇంగ్లిష్‌లో మాటలు విడివిడిగా ఉంటాయి కాబట్టి అవే మళ్లీ మళ్లీ వస్తాయి. మనకు "వచ్చాడు", "వచ్చాడని", "వచ్చాడనుకున్నాను", "వచ్చాడేమో" ఒక్కోటీ కొత్త మాటే. అందుకే తెలుగు నవల చదువుతుంటే ఆ క్యాష్ త్వరగా నిండుతుంది, నేటివ్ హీప్ మొదట్లో కాస్త చకచకా పెరిగినట్టు కనపడుతుంది. హద్దు చేరాక ఆగుతుంది. ఆ కొద్దిపాటి పెరుగుదలను చూసి లీక్ అనుకుని రెండు వారాలు పోగొట్టుకున్న టీమ్‌లో నేనూ ఉన్నాను.

ఒక్క చోట మాత్రం మనమే ఆ క్యాష్‌ను పాడుచేస్తాం. మాటతోపాటు ఫాంట్, సైజు కూడా కలిపి అది గుర్తుపెట్టుకుంటుంది. రెండు వేళ్లతో జూమ్ చేసేటప్పుడు మీరు 17.31, 17.38, 17.44 అని ప్రతి కదలికకూ సైజు మారుస్తున్నారు. ప్రతి సైజూ దానికి కొత్తదే. పూర్ణ సంఖ్యకు సర్దండి, వేళ్లు తీశాకే మళ్లీ లేఅవుట్ చేయండి. టైప్‌ఫేస్‌ను మళ్లీ మళ్లీ తెరిచినా ఇదే జరుగుతుంది. ఫైలు ఒకటే అయినా ఆబ్జెక్ట్ కొత్తది కాబట్టి పాత ఫలితాలు పనికిరావు.

ఇప్పుడు మీకు ఇంకా రాని, కానీ తప్పకుండా రాబోయే లీక్ గురించి. మాటను తాకితే నిఘంటువు అర్థం చూపించాలని ప్లాన్‌లో రాశారు. పాఠానికి సంబంధించి నేను చూసిన లీకుల్లో ఎక్కువ భాగం గీసే కోడ్‌లో లేవు, పాఠానికి తగిలించిన స్పాన్లలో (రంగు, తాకితే జరగాల్సిన పని లాంటివి అక్షరాలకు కట్టే ఆబ్జెక్టులు) ఉన్నాయి. సరిగ్గా ఇలాంటి ఫీచర్‌లోనే మాకు దెబ్బ తగిలింది. అధ్యాయం పాఠాన్ని సింగిల్టన్ (యాప్ అంతటికీ ఒక్కటే ఉండే) రిపాజిటరీలో దాచాం, మళ్లీ తెరిస్తే వెంటనే రావాలని. ప్రతి మాటకూ క్లిక్కబుల్‌స్పాన్ తగిలించాం, తాకితే యాక్టివిటీలోని చూపించే ఫంక్షన్‌ను పిలుస్తుంది. హీప్ డంప్‌లో (మెమరీలో ఉన్నవాటి నకలులో) గొలుసు ఇలా కనపడింది: రిపాజిటరీ, దానిలో క్యాష్, దానిలో స్పానబుల్‌స్ట్రింగ్‌బిల్డర్, దానిలో ఎంస్పాన్స్ అనే వరుస, ఆ వరుసలో మా స్పాన్, స్పాన్ చేతిలో రీడర్ యాక్టివిటీ. ఫోన్‌ను అడ్డంగా తిప్పిన ప్రతిసారీ ఇంకో యాక్టివిటీ ఆ గొలుసుకు వేలాడేది. పాఠం చూడటానికి ఉత్త అక్షరాలే, దాన్ని క్యాష్‌లో పెడితే ఏమవుతుందిలే అనుకున్నాం. ఆ అక్షరాలకు కొక్కేలు ఉన్నాయని మరిచిపోయాం.

జావాలో రాసిన అనామక క్లాస్ అయితే బయటి యాక్టివిటీని వాడినా వాడకపోయినా పట్టుకునే ఉండేది. కాట్లిన్‌లో వాడితేనే పట్టుకుంటుంది. కానీ తాకినప్పుడు ఏదో చేయాలి కాబట్టి వాడకుండా ఎవరూ రాయరు. అందుకని స్పాన్‌లో మాట, దాని స్థానం లాంటి సమాచారం మాత్రమే ఉంచండి. తాకింది ఏ అక్షరం మీదో వ్యూ దగ్గర లేఅవుట్‌ను అడిగి, అక్కడున్న స్పాన్ తీసి, పని అక్కడే చేయండి. పాఠం ఎన్నాళ్లు క్యాష్‌లో ఉన్నా పరవాలేదు.

దీనికి తోడు ఒక పేరున్న కిటుకు ఉంది, జాగ్రత్త. టెక్స్ట్‌వ్యూ పాఠాన్ని కాపీ చేసుకోకుండా ఉండటానికి స్పానబుల్ ఫ్యాక్టరీని మార్చి, ఇచ్చిన ఆబ్జెక్టునే తిరిగి ఇస్తారు. వేగం నిజంగానే పెరుగుతుంది. అయితే టెక్స్ట్‌వ్యూ ఆ పాఠానికి ఛేంజ్‌వాచర్ అనే తన సొంత స్పాన్‌ను కూడా తగిలిస్తుంది. ఆ వాచర్ చేతిలో టెక్స్ట్‌వ్యూ, దాని చేతిలో యాక్టివిటీ. పాఠం మీ క్యాష్‌లోదే అయితే మీరు ఒక్క లైన్ తప్పు రాయకుండానే లీక్ తయారు. క్యాష్, ఈ కిటుకు రెండూ ఒకే పాఠానికి వాడకండి.

పాత ఫోన్లలో పరీక్షిస్తుంటే లీక్‌కెనరీ టెక్స్ట్‌లైన్ ఎస్‌క్యాష్డ్ అనే పేరు చూపించవచ్చు. అది ఆండ్రాయిడ్‌దే తప్పు. మూడు టెక్స్ట్‌లైన్ ఆబ్జెక్టుల చిన్న కొలను ఒకటి ఉంటుంది, తిరిగి పెట్టేటప్పుడు లోపలి పాఠాన్ని పూర్తిగా తుడవదు. 8.1 దాకా ఈ బెడద ఉంది. ఉన్నవి మూడే కాబట్టి అంతకు మించి పెరగదు. రిఫ్లెక్షన్‌తో దాన్ని ఖాళీ చేసే కోడ్ నెట్‌లో దొరుకుతుంది, నేనైతే పెట్టను. పెరగని దానికి టెన్షన్ పడటం దండగ.

సైజ్‌ఆఫ్ సరిచేశాక కూడా నేటివ్ హీప్ మెట్లు ఎక్కుతుంటే అప్పుడు ప్రొఫైలర్‌లో నేటివ్ అలొకేషన్ల రికార్డింగ్ పెట్టండి. ఆండ్రాయిడ్ 10, ఆపైన ఫోన్ ఉండాలి. పది పేజీలు తిప్పి ఆపి, విడుదల కాకుండా మిగిలినవాటిని సైజు ప్రకారం పేర్చండి. కాల్ స్టాక్‌లో అలొకేట్‌హీప్‌బిట్‌మ్యాప్ కనపడితే మళ్లీ బిట్‌మ్యాపే. మినికిన్ పేర్లు కనపడితే ఫాంట్లు, సైజుల వైపు చూడండి. రిలీజ్ బిల్డ్‌తో చూడాలంటే మ్యానిఫెస్ట్‌లో ప్రొఫైలబుల్ పెట్టాలి, లేకపోతే ఫోన్ ప్రొఫైలర్‌ను లోపలికి రానివ్వదు.

ఐఓఎస్ గురించి క్లుప్తంగా. అక్కడ కోర్ టెక్స్ట్‌తో (పాఠం గీసే ఆపిల్ లైబ్రరీ) పేజీలు గీస్తే రెండు చోట్ల చూసుకోండి. పాఠం మధ్యలో బొమ్మకు జాగా వదలడానికి సీటీరన్‌డెలిగేట్ వాడతారు. దానికి మీ ఆబ్జెక్టును పాస్‌రిటైన్డ్‌తో ఇస్తే, డీఅలాక్ కాల్‌బ్యాక్‌లో మీరే విడుదల చేయాలి. ఆ కాల్‌బ్యాక్‌ను ఖాళీగా వదిలేసిన కోడ్ ఎన్నిసార్లు చూశానో. స్విఫ్ట్‌లో ఏఆర్‌సీ (మెమరీని తానే విడుదల చేసే ఏర్పాటు) అంతా చూసుకుంటుందిలే అన్న ధీమా ఇక్కడ పనిచేయదు. పాఠం పోయాక ఆ ఆబ్జెక్టును చూపించే పాయింటర్ ఎక్కడా మిగలదు కాబట్టి ఆపిల్ టూల్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లోని లీక్స్ దీన్ని పట్టేస్తుంది. రెండోది అది పట్టలేదు: ఎన్ఎస్‌టెక్స్ట్‌స్టోరేజ్ ఒకటే ఉంచుకుని పేజీ తెరిచినప్పుడల్లా కొత్త లేఅవుట్ మేనేజర్ తగిలిస్తే, స్టోరేజ్ వాటన్నిటినీ గట్టిగా పట్టుకుంటుంది. తీసేయమని మీరు చెప్పాలి. అలొకేషన్స్‌లో మార్క్ జనరేషన్ నొక్కుతూ, నేను పైన చెప్పిన ఆరు రౌండ్లే అక్కడా చేయండి.

అన్నట్టు అక్కడ అధ్యాయం మొత్తాన్ని ఒకే పొడవాటి లేబుల్‌లో పెట్టకండి. 3ఎక్స్ తెర మీద 390 పాయింట్ల వెడల్పు, 10,000 పాయింట్ల పొడవు లేబుల్ అంటే 1170 × 30,000 పిక్సెళ్లు, పిక్సెల్‌కు 4 బైట్లయితే 140 ఎంబీ. అది లీక్ కాదు, ఉత్త బరువు, కానీ ఫోన్‌కు ఆ తేడా తెలియదు.

మీ మొత్తం కోడ్ నేను చూడలేదు. కాబట్టి సైజ్‌ఆఫ్ రాసి, టైప్‌ఫేస్‌ను బయటికి తీసి, ఒకటో, మూడో, ఆరో రౌండ్ల మెమ్‌ఇన్ఫో అంకెలు ఇక్కడ పెట్టండి. మూడూ పక్కపక్కన పెట్టండి, ఒక్కటే పెడితే ఏమీ చెప్పలేను.